సెకండ్ హ్యాండ్ వాషింగ్ మెషీన్ మూడో రోజుకే మొండికేసింది, పైసలు వస్తాయా?

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. ఫోన్‌లో ఒక యాప్‌లో యాడ్ చూసి, కాజీపేటలో ఒకాయన దగ్గర పాత వాషింగ్ మెషీన్ కొన్నాం. ఏడు కిలోల ఫ్రంట్ లోడ్. ‘మూడేళ్లు వాడినది, కండిషన్ సూపర్, రిపేర్ లేదు, మోటారుకు పదేళ్ల వారంటీ, ట్రాన్స్‌ఫర్ అయింది కాబట్టి అమ్ముతున్నాం’ అని యాడ్‌లో ఉంది. ‘రిపేరేమన్నా వచ్చిందా అన్నా?’ అని వాట్సాప్‌లో అడిగితే, ‘లేదు మేడం, ఒక్కసారి కూడా విప్పలేదు’ అని పెట్టిండు. వాళ్ల ఇంటికి పోయి చూసినం. నీళ్లు పట్టించి డ్రమ్ము తిప్పి చూపించిండు. 13,500 ఫోన్‌పే కొట్టి, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చినం. మూడో రోజు బట్టలు పిండేటప్పుడు విమానం లేచినంత మోత. మెకానిక్ వచ్చి వెనక మూత తీసి, బేరింగులు పోయినయ్, 5,500 అవుతది అన్నడు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ‘సెకండ్ హ్యాండ్ కదమ్మా, చూసుకునే కొన్నరు కదా, మా ఇంట్ల మంచిగనే నడిచింది’ అని పెట్టేసి బ్లాక్ చేసిండు.

పదిమందిమి పోయి ఇంటి ముందర కూసుందాం అంటున్నడు మా మరిది. పక్కింటి టీచర్ కన్స్యూమర్ కోర్టు అంటున్నరు. మా ఆయనేమో పోయిన పైసలు పోయినయ్, వదిలేయ్ అంటున్నడు. నాకైతే ఆయన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాలని ఉంది. మెకానిక్ ఇంకో మాట కూడా అన్నడు, దీన్ని ఇంతకుముందే ఎవరో కోసి అతికించిన్రు అని. ఇప్పుడే చేయించుకుంటే వెయ్యి తగ్గిస్తడట. చేయించుకోవాల్నా? మా తమ్ముడు అదే యాప్‌లో బండి చూస్తున్నడు, వాణ్ని వద్దనాల్నా?
(పేరు రాయవద్దన్నారు), నర్సంపేట

జవాబు:

అమ్మా, ముందు మెకానిక్‌కు ఫోన్ చేసి, మళ్లీ చెప్పేదాకా ఆ మెషీన్‌ను ముట్టుకోవద్దనండి. వెయ్యి తగ్గించినా సరే, ఇప్పుడే వద్దు.

మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైన మాటను మీరు చివర్లో, తమ్ముడి బండి ముచ్చటకు కాస్త ముందు, పనిలో పనిగా రాసి వదిలేశారు. ‘ఎవరో కోసి అతికించిన్రు’ అన్నది. మోత రావడం, 5,500 ఖర్చు, ఆయన ఫోన్ బ్లాక్ చేయడం మీకు కోపం తెప్పించేవే గానీ, మీ డబ్బు మీకు ఇప్పించేవి కావు. ఇప్పించగలిగేది ఏదన్నా ఉంటే అది ఆ అతుకే. మెకానిక్ ఇప్పుడు టబ్బు (బట్టలు తిరిగే డ్రమ్ము చుట్టూ నీళ్లు పట్టే తొట్టి) బయటికి తీసి, మళ్లీ విప్పి, కొత్త బేరింగులు వేసి బిగించాడంటే పాత అతుకు ఏదో, కొత్తది ఏదో ఎవరూ చెప్పలేరు.

వస్తువు చెడిపోయింది కాబట్టి అమ్మినవాడే బాధ్యుడని చాలామంది అనుకుంటారు. దుకాణంలో కొన్న వస్తువుకైతే అది చాలావరకు నిజం. ఇంట్లో వాడుకున్నది అమ్ముకునే మనిషి దగ్గర కొంటే చట్టం అంత దూరం రాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చూడండి. సరుకు వాడకానికి పనికిరావాలి, నాణ్యంగా ఉండాలి అన్న హామీ మనం అడక్కపోయినా ఉన్నట్టే లెక్క అంటుంది. కానీ ఆ రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లకే అది వర్తిస్తుంది. ట్రాన్స్‌ఫర్ అయి సామాను అమ్ముకుంటున్న ఉద్యోగికి వర్తించదు. అంటే ‘సెకండ్ హ్యాండ్ కదమ్మా’ అని ఆయన అన్నది వినడానికి కటువుగా ఉన్నా, ఉత్త దబాయింపు మాత్రం కాదు.

అయితే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు కదా, విప్పలేదని. అక్కడ చిక్కాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, మోసం అంటే ఏమిటో చెప్పే 17వ సెక్షన్ కింద గుర్రం అమ్మకం ఒకటి ఉదాహరణగా ఉంది. లా చదివినవాళ్లందరికీ గుర్తుంటుంది. ఒకాయన తన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి లోపం ఉందని ఆయనకు తెలుసు, కొనేవాడికి చెప్పడు. ఇది మోసం కాదంటుంది చట్టం. తెలిసి ఊరుకోవడం ఒక్కటే మోసం కిందికి రాదన్నమాట. అక్కడే ఇంకో ఉదాహరణ ఉంది. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం మంచిగున్నట్టే అనుకుంటా’ అంటాడు, అమ్మేవాడు కిమ్మనడు. అప్పుడు ఆ మౌనం నోటితో చెప్పినట్టే. మీ విషయంలో మౌనం దాకా పోనేలేదు. మీరు సూటిగా అడిగారు, ఆయన సూటిగా రాసిచ్చాడు. ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా బేరం ముగించేవాళ్లే ఎక్కువ. వాళ్ల ఉత్తరాలకు నేను రాసే జవాబు ఇంత పొడుగు ఉండదు.

యాడ్‌లో ఉన్న అన్ని మాటలకూ ఒకే బరువు ఉండదు. ‘కండిషన్ సూపర్’ అన్నదాన్ని పట్టుకోకండి, అమ్ముకునేవాడి పొగడ్త అది. ‘మూడేళ్లు వాడినది’ అన్నది నిజమో అబద్ధమో తేల్చగలిగిన మాట. తలుపు తీసినచోటో, వెనకాలో ఉండే స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్తే అది ఎప్పుడు తయారైందో చాలాసార్లు చెప్పేస్తారు. ఆరేళ్ల కిందటిదని తేలితే మీకు ఇంకో ఆధారం దొరికినట్టే. మోటారు వారంటీ నిజమే అయి ఉండవచ్చు, కానీ అది మోటారుకే. బేరింగుకు, టబ్బుకు, మెకానిక్ కూలీకి వర్తించదు. పాత మెషీన్ యాడ్లలో ఆ పదేళ్ల వారంటీ ముచ్చట ఎందుకు పెడతారంటే, చదివేవాళ్లు మెషీన్ మొత్తానికి ఉందనుకోవాలనే.

ఇక ‘చూసుకునే కొన్నరు కదా’ అన్న మాట. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో దానికీ చోటుంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండి కూడా చూసుకోకపోతే, తర్వాత ఆ బేరం రద్దు చేయమనడం కుదరకపోవచ్చు. తలుపు రబ్బరు చిరిగి ఉందనుకోండి, అది కంటికి కనిపించేదే, మీరు చూసుకోవాల్సింది. టబ్బు అతుకు అలాంటిది కాదు. వెనక మూత స్క్రూలు విప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే గానీ కనపడదు. బేరానికి పోయినవాళ్లు ఎదుటివాళ్ల ఇంట్లో స్క్రూడ్రైవర్ తీయాలని ఏ చట్టమూ అనదు. పైగా తెలిసే అబద్ధం ఆడినవాడికి ఈ సాకు పనికిరాదు.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. ట్రాలీ ఆటోలో ఎలా తెచ్చారు? నిలబెట్టి తెచ్చారా, పడుకోబెట్టారా? వెనకాల ట్రాన్సిట్ బోల్టులు బిగించారా? ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో టబ్బు పైన స్ప్రింగులకు వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆని ఉంటుంది. కొత్త మెషీన్ ఇంటికి వచ్చినప్పుడు అది కదలకుండా వెనక పొడుగాటి బోల్టులు ఉంటాయి. బిగించేవాడు వాటిని తీసి చేతిలో పెడతాడు, మనం ఎక్కడో పడేస్తాం. అవి లేకుండా కాజీపేట నుంచి నర్సంపేట దాకా, ఆ స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కి దిగి వస్తే లోపల టబ్బు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఎదుటాయన రేపు ఎవరి ముందు కూర్చున్నా మొదట అడిగేది ఇదే. ‘మా ఇంట్ల మంచిగనే నడిచింది, మీరు తెచ్చేటప్పుడు చెడగొట్టుకున్నరు’ అంటాడు. జవాబు మీ దగ్గర తయారుగా ఉండాలి.

ఉంది కూడా. దారిలో తగిలిన దెబ్బ వేరు, బేరింగు అరుగుదల వేరు. దారిలో చెడితే స్ప్రింగు ఊడుతుంది, షాక్ అబ్జార్బర్ విరుగుతుంది, టబ్బు మెషీన్ బయటి పెట్టెకు కొట్టుకుని దడదడమంటుంది, మెషీన్ ఉన్నచోట ఉండకుండా జరుగుతుంది. బేరింగు పోతే స్పీడు పెరిగేకొద్దీ పెరిగే గుర్రుమనే మోత వస్తుంది. మీరు రాసింది రెండోదే. బేరింగులు ఒక్క ప్రయాణంలో పోవు. డ్రమ్ము వెనక ఇరుసు దగ్గర రబ్బరు సీల్ ఉంటుంది. అది అరిగి నీళ్లు లోపలికి దిగుతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, తుప్పు పడుతుంది. దీనికి నెలలు పడుతుంది. వెనక మూత తీస్తే టబ్బు మీద ఇరుసు నుంచి కిందికి గోధుమ రంగు చారలు దిగి ఉంటాయి. పాత చారలు ఎండి, గట్టిపడి ఉంటాయి. అవి ఉన్నాయేమో ఇవాళే చూసి ఫొటో తీయండి.

అతుకు సంగతి కూడా కాస్త తెలుసుకోండి, ఎక్కడైనా మీరే చెప్పాల్సి వస్తుంది. చాలా మోడళ్లలో బయటి టబ్బు ప్లాస్టిక్‌ది. రెండు సగాలను ఫ్యాక్టరీలోనే వేడితో కలిపేస్తారు, విప్పడానికి ఉండదు. బేరింగు పోతే కంపెనీవాళ్లు టబ్బు సెట్టు మొత్తం మార్చాలంటారు, ఖర్చు చాలా అవుతుంది. మన ఊళ్లలో మెకానిక్‌లు ఆ కలిపినచోట రంపంతో కోసి, బేరింగులు మార్చి, సిలికాన్ రాసి, చుట్టూ స్క్రూలు వేసి బిగిస్తారు. అదేమీ తప్పుడు పని కాదు, మంచి చేయి పడితే ఏళ్లు నడుస్తుంది. కానీ టబ్బు చుట్టూ సిలికాన్ గీత, స్క్రూలు కనిపిస్తే అది ఫ్యాక్టరీలో వేసింది కాదని ఏ మెకానిక్ అయినా చెప్తాడు. ఒక్కసారి కూడా విప్పని మెషీన్‌కు ఆ గీత ఉండదు.

కాబట్టి మెకానిక్‌ను మళ్లీ పిలవండి, రిపేరుకు కాదు, రాసివ్వడానికి. తేదీ, మెషీన్ సీరియల్ నంబర్, ఏమేం కనిపించింది, అతుకు పాతదా, తుప్పు ఎన్నాళ్లది కావచ్చు, రిపేరుకు ఎంతవుతుంది, కింద ఆయన సంతకం, ఫోన్ నంబర్. దుకాణం బిల్లు బుక్కులో రాసిస్తే ఇంకా మంచిది. రెండు మూడు వందలు అడిగితే ఇవ్వండి. అతుకును, చారలను వీడియో తీయండి, అందులోనే సీరియల్ నంబర్ స్టిక్కర్ కూడా కనపడేలా. యాడ్ ఇంకా ఉందేమో ఇప్పుడే చూసి స్క్రీన్‌షాట్ తీయండి, అమ్ముడుపోయినవి తీసేస్తుంటారు. వాట్సాప్ చాట్‌ను చెరపకండి, స్క్రీన్‌షాట్లు ఎన్ని ఉన్నా అసలు చాట్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. ఫోన్‌పే రసీదులో ఆయన బ్యాంకు ఖాతా పేరు, లావాదేవీ నంబర్ ఉంటాయి. యాడ్‌లో పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి ఉండడం మామూలే. మీకు కావాల్సింది ఖాతాలోది.

ఏం అడగాలన్నది తర్వాతి ముచ్చట. రెండు దారులున్నాయి. మెషీన్ వాపస్ ఇచ్చి 13,500 తీసుకోవడం ఒకటి. అబద్ధం చెప్పి అమ్మిన బేరాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంది, కానీ వస్తువు మీకు వచ్చినట్టుగానే తిరిగి ఇవ్వగలగాలి. రిపేరు వద్దని మొదట్లోనే అన్నది ఇందుకు కూడా. రెండోది, మెషీన్ మీరే ఉంచుకుని రిపేరు ఖర్చు అడగడం. నన్నడిగితే రెండోదే మేలు. ఆయన ఊరు మారుతున్న మనిషి, పాత మెషీన్‌ను మళ్లీ కాజీపేటకు తెప్పించుకుని ఏం చేసుకుంటాడు? వాపస్ అనగానే మొండికేస్తాడు. రిపేరు డబ్బు అంటే కనీసం బేరానికి వస్తాడు. మీ లెక్క కూడా చూసుకోండి. 13,500 మీద 5,500 కలిపితే 19,000. కొత్త ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ పాతిక వేల చుట్టుపక్కల మొదలవుతుంది. ఆయన సగానికి పైగా ఇచ్చినా మీ బేరం మరీ నష్టం కాదు. 5,500 అడగండి, 3,500కు తక్కువ కాకుండా ఒప్పుకోండి. ఆటో కిరాయి అడక్కండి, చిన్న పద్దులు చేర్చేకొద్దీ అసలు పద్దు పలచబడుతుంది.

ఆయన వాట్సాప్ బ్లాక్ చేసినా మామూలు మెసేజ్ పోతుంది. దాంతోపాటు అదే సంగతి కాగితం మీద రాసి, మెకానిక్ చీటీ జిరాక్సు పెట్టి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. (రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, కౌంటర్‌లో అదే అడగండి.) ఆయన ఇల్లు ఖాళీ చేశాడేమో ముందు కనుక్కోండి. పక్కింటివాళ్లకో, ఇంటి ఓనర్‌కో కొత్త అడ్రస్ తెలిసే ఉంటుంది. ఇలా రాస్తే చాలు:

‘నమస్తే అండీ. ఫలానా తేదీన మీ దగ్గర వాషింగ్ మెషీన్ 13,500 రూపాయలకు కొన్నాను. రిపేరు వచ్చిందా అని నేను అడిగితే, ఒక్కసారి కూడా విప్పలేదని మీరు వాట్సాప్‌లో రాశారు. మెకానిక్ వెనక మూత తీసి చూస్తే టబ్బును ఇంతకుముందే కోసి, అతికించి, స్క్రూలు బిగించి ఉంది. ఫొటోలు, ఆయన రాసిచ్చిన కాగితం దీంతో పంపుతున్నాను. ఈ సంగతి మీకు తెలియకపోయి ఉండవచ్చు. బాగు చేయించడానికి 5,500 అవుతుంది. ఆ డబ్బు ఇవ్వండి, లేదంటే మెషీన్ తీసుకుపోయి నా డబ్బు నాకు ఇవ్వండి. మెషీన్‌ను అలాగే ఉంచాను, మీరు గానీ మీ మెకానిక్ గానీ వచ్చి చూడవచ్చు. పది రోజులు చూసి న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెడతాను.’

‘తెలియకపోయి ఉండవచ్చు’ అన్న మాట చూసి మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. తీసేయకండి. ఆయన కూడా దాన్ని సెకండ్ హ్యాండ్‌లోనే కొని ఉండవచ్చు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఎవరినో పిలిచి చేయించి ఉండవచ్చు. తెలియక చెప్పిన తప్పు మాట అయినా కాంట్రాక్టు చట్టం 18, 19 సెక్షన్ల కింద మీ హక్కు మీకుంటుంది. వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వస్తువు చెప్పిన వర్ణనకు సరిపోవాలి, ఇది వ్యాపారికే కాదు, ఎవరికైనా. అంటే ఆయన్ను దొంగ అనకుండానే మీ డబ్బు మీరు అడగవచ్చు. పైగా ఆ ఒక్క మాట వల్ల ఆయనకు పరువు పోకుండా డబ్బు ఇచ్చే దారి దొరుకుతుంది. ఇంట్లో భార్య ముందు, ‘మనకు తెల్వదు కదా, పోనీ సగం ఇద్దాం’ అనుకునే వీలుండాలి.

ఇక మీవాళ్లు చెప్పినవి. మీ మరిది మాట అస్సలు వినకండి. పదిమంది పోయి ఇంటి ముందు కూర్చుంటే, ఆయన 100కు ఫోన్ చేస్తే, పోలీసులు వచ్చేటప్పటికి కథ వాషింగ్ మెషీన్‌ది కాదు, బెదిరింపుది అవుతుంది. బాధితురాలు మీరు కాదు, ఆయన అవుతాడు. కాజీపేటలో ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒక్కరు ఉంటే మాత్రం వాళ్లను ముందు పెట్టండి. ఒక్కరే, పదిమంది వద్దు. ఆయన ఆఫీసుకు ఫిర్యాదు రాయమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. ఇంటి సామాను అమ్మకానికీ ఆయన ఉద్యోగానికీ సంబంధం లేదు, నాకు అది పద్ధతిగా కూడా అనిపించదు.

ఫేస్‌బుక్‌లో ఫొటో పెడితే రెండు రోజులు మనసు చల్లబడుతుంది. తర్వాత ఆయన పరువు నష్టం కేసు వేస్తానంటూ మీకే నోటీసు పంపవచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ అందుకే ఉంది. అప్పుడు రాజీ ఎలా ఉంటుందో తెలుసా? మీరు పోస్టు తీసేయాలి, ఆయన కేసు వదిలేయాలి. మీ 5,500 ఊసే ఉండదు.

టీచర్ గారి సలహాలో సగం నిజముంది. కన్స్యూమర్ కోర్టు, అంటే వినియోగదారుల కమిషన్, వ్యాపారులకూ, సేవలు అమ్మేవాళ్లకూ సంబంధించినది. 2020 నాటి ఈ కామర్స్ నిబంధనలు కూడా, వ్యాపారంగా కాకుండా సొంత హోదాలో ఎప్పుడో ఒకసారి అమ్ముకునే మనిషికి వర్తించవని రాసే ఉన్నాయి. కానీ ఆయన నిజంగా ఇంటి మనిషేనా? ఆ యాప్‌లో ఆయన ప్రొఫైల్ తెరిచి చూడండి. ఇంకో రెండు వాషింగ్ మెషీన్లు, మూడు ఫ్రిజ్‌లు, అన్నిటికీ ‘ట్రాన్స్‌ఫర్ వల్ల’ అనే కారణం కనిపించిందంటే ఆయన వ్యాపారే. పాత సామాను కొని, బాగుచేసి, ఉద్యోగి వేషంలో అమ్మేవాళ్లు హన్మకొండలోనూ ఉన్నారు, కరీంనగర్‌లోనూ ఉన్నారు. అదే నిజమైతే టీచర్ గారే గెలిచారు. ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు.

పోలీస్ స్టేషన్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అంటారు. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. మొదటి నుంచే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి. ఒక పాత అతుకుతో అది తేలదు, స్టేషన్‌లో కూడా ఇది సివిల్ తగాదా అనే పంపిస్తారు. ఇదే యాప్‌లలో జరిగే వేరే రకం మోసం ఉంది, దాన్ని దీంతో కలపకండి. మిలిటరీలో పనిచేస్తా, పోస్టింగ్ వచ్చింది అని ఐడీ కార్డు ఫొటో పంపి, వస్తువు చూపించకుండానే అడ్వాన్సు వేయించుకుని మాయమవడం. లేదా మీకు డబ్బు వేస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనడం. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. అలా పోయిన డబ్బుకైతే ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయాలి.

పది రోజులైనా ఆయన పలకకపోతే న్యాయసేవాధికార సంస్థ. హన్మకొండ అదాలత్ సెంటర్‌లో జిల్లా కోర్టుల దగ్గర అడిగితే చూపిస్తారు, నర్సంపేట కోర్టులో అడిగినా దారి చెప్తారు. అంతకుముందు వివరం కావాలంటే 15100కు ఫోన్ చేయవచ్చు. కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టమని ఒక్క దరఖాస్తు ఇస్తే చాలు. కోర్టు ఫీజు ఉండదు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును కూడా ఇస్తారు, 1987 నాటి చట్టంలోనే ఉంది. వాళ్లు ఎదుటాయనకు నోటీసు పంపుతారు. రాజీ కుదిరి రాసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆయన రానే రాకపోతే బలవంతంగా రప్పించరు, అది దీనికున్న పరిమితి. కానీ ఫోన్ బ్లాక్ చేసే మనుషులు కూడా కోర్టు ముద్ర ఉన్న కవరు చేతికొస్తే రెండోసారి ఆలోచిస్తారు.

అది కూడా కాకపోతే మిగిలేది సివిల్ దావా. మూడేళ్ల గడువు ఉంది. 5,500 కోసం మాత్రం వేయమని నేను చెప్పను. ఆ మెట్టు దగ్గర మీ ఆయన అన్న మాటే సరైనది. ఇప్పుడే కాదు, ఆ మెట్టు దగ్గర.

పాత ఫ్రంట్ లోడ్ కొనాలనుకునే మిగతా పాఠకులకు ఒక మాట. డ్రమ్ము తిప్పి చూపించడం పరీక్ష కాదు. ఉతికేటప్పుడు అది మెల్లగానే తిరుగుతుంది, చెడిపోయిన బేరింగు కూడా అప్పుడు చప్పుడు చేయదు. స్పిన్ పెట్టమనండి, పూర్తి స్పీడు అందుకునేదాకా పక్కన నిలబడండి. ముందుగా, మెషీన్ ఆపి ఉన్నప్పుడు, లోపలి డ్రమ్ము అంచును చేత్తో పట్టుకుని పైకి ఎత్తి చూడండి. డ్రమ్ము ఒక్కటే టకటక ఆడిందంటే బేరింగు పోయినట్టే. టబ్బుతో కలిసి మెత్తగా లేచిందంటే అది స్ప్రింగుల కదలిక, ఫరవాలేదు. ట్రాన్సిట్ బోల్టులు ఉన్నాయా అని అడగండి. లేకపోతే టబ్బుకూ బయటి పెట్టెకూ మధ్య దుప్పట్లు కుక్కి, నిలబెట్టే తీసుకురండి.

మీ తమ్ముణ్ని వద్దనకండి. పాత బండి కొనడం తప్పేమీ కాదు, మెషీన్‌కు లేని ఒక సౌకర్యం బండికి ఉంది. దాని చరిత్ర కాగితాల మీద ఉంటుంది. నంబర్ కొట్టి చలాన్లు ఎన్ని పెండింగ్ ఉన్నాయో చూడమనండి, ఆర్‌సీ మీద ఉన్న పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా చూడమనండి. ‘మా బావమరిది పేరు మీద ఉంది, తర్వాత సంతకం పెట్టిస్తా’ అంటే అక్కడితో వదిలేయాలి. ఫామ్ 29, 30 (బండి పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోవాలి. రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ఏళ్ల తరబడి వేరేవాళ్ల పేరు మీదే నడిపేవాళ్లు మన దగ్గర ఎందరో. యాక్సిడెంట్ అయితే ఆర్‌సీ మీద ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, అమ్మేవాడికి ఈ సంగతి చెప్తే ఆర్టీఏ ఆఫీసుకు తనే ముందు వస్తాడు. బండి ఫైనాన్స్‌లో ఉండి ఉంటే ఫామ్ 35 (ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీసేయడానికి ఇచ్చే కాగితం), ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రెండూ చేతికి వచ్చేదాకా చిన్న అడ్వాన్సుకు మించి ఇవ్వొద్దు. ‘యాక్సిడెంట్ అయిందా, ఇంజన్ విప్పారా?’ అని వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతలో వచ్చాకే చూడటానికి పొమ్మనండి. వాయిస్ మెసేజ్ వస్తే అది కూడా చెరపకుండా ఉంచమనండి.